ఎడారి నగరం టొర్రెయోన్: రెండు వారాంతాలు చేతిలో ఉన్నాయి, ఏం చూడాలి?

బోల్టు_నట్టు · ఫిబ్రవరి 18, రాత్రి 10:12

అందరికీ నమస్కారం. పుణెలో ఆటో విడిభాగాల కంపెనీలో పని చేస్తున్నాను, సొంతూరు అనకాపల్లి దగ్గర. వచ్చే నెలలో మూడు వారాలు మెక్సికో పంపిస్తున్నారు, కొత్త మెషీన్ బిగించి నడిపించే పని. మెక్సికో అనగానే ఇంట్లో అందరూ బీచ్ ఫోటోలు పంపమన్నారు. తీరా టికెట్ వచ్చాక చూస్తే ఊరి పేరు టొర్రెయోన్, కొవావీలా రాష్ట్రం. మ్యాపులో ఎంత పెద్దది చేసి చూసినా చుట్టూ గోధుమరంగే.

సోమవారం నుంచి శుక్రవారం దాకా ఊపిరాడదు. మధ్యలో రెండు వారాంతాలు నావి. అమెరికా బి1 వీసా ఉంది, మెక్సికోకి వేరే వీసా అక్కర్లేదని హెచ్ఆర్ వాళ్లు అంటున్నారు, నిజమేనా? ఆ ఊరు చూసినవాళ్లెవరైనా ఉన్నారా ఇక్కడ?

డాలస్_సూరిబాబు · ఫిబ్రవరి 18, రాత్రి 10:40

వీసా సంగతి నిజమే బ్రదర్. చెల్లుబాటులో ఉన్న అమెరికా వీసా ఉంటే మన పాస్‌పోర్టుకి మెక్సికో వీసా అడగరు. మా డాలస్ నుంచి నేరుగా విమానం కూడా ఉంది.

ఇక చూడ్డానికంటావా, ఏమీ లేదు. ఆఫీసు పని మీద రెండుసార్లు వెళ్లాను. హోటల్, ఫ్యాక్టరీ, దుమ్ము. శుక్రవారం సాయంత్రం విమానం పట్టుకుని బీచ్‌లున్న కాన్‌కూన్ పో.

లగూనా_లక్ష్మి · ఫిబ్రవరి 19, ఉదయం 7:05

సూరిబాబుగారూ, హోటల్ కిటికీలోంచి చూస్తే హైదరాబాదులో కూడా ఏమీ కనపడదు.

తమ్ముడూ, మావారి ఉద్యోగం వల్ల రెండున్నరేళ్లు అక్కడే కాపురం చేశాను. మొదటి ఆర్నెల్లు నేనూ సూరిబాబుగారి మాటే అన్నాను. నా అభిప్రాయం మార్చింది ఒక వంతెన.

టొర్రెయోన్‌కీ పక్కనున్న గోమెస్ పలాసియోకీ మధ్య నది ఉంటుంది. పేరు నాసాస్. అదే రెండు రాష్ట్రాలకి సరిహద్దు: ఇటు కొవావీలా, అటు డురాంగో. రోజూ ఆ వంతెన దాటేదాన్ని, ఏనాడూ కింద చుక్క నీళ్లు చూడలేదు. మన అనంతపురం వైపు పెన్న గుర్తొచ్చేది. ఆ ప్రాంతాన్ని అందరూ లా లగూనా అంటారు, అంటే మడుగు. అక్కడి వాళ్లు తమని తాము లగునేరోలు అని చెప్పుకుంటారు. మడుగేదీ అని ఒకరోజు మా ఇంటి ఓనరమ్మని అడిగాను. ఆవిడ నవ్వి, "మా తాతగారి కాలంలో ఉండేదమ్మా" అంది.

విషయమేంటంటే, ఆ నది సముద్రానికి పోదు. పడమటి కొండల్లో పుట్టి, ఎడారిలోకి దిగి, మైరాన్ అనే లోతులేని సరస్సులో ఆగిపోయేది. 1946లో పైన లాసారో కార్దెనాస్ ఆనకట్ట కట్టాక నీళ్లన్నీ కాలువల్లోకి మళ్లాయి. ఊళ్లో నది ఎండింది, సరస్సూ ఎండింది. 2008, 2016 లాంటి మంచి వానల సంవత్సరాల్లో ఆనకట్ట నిండితే కిందికి వదులుతారు. అప్పుడు ఊరు ఊరంతా పిల్లల్ని ఎత్తుకుని నది చూడ్డానికి వెళ్తుంది!

ఇది తెలిస్తే అక్కడ చూసే ప్రతిదానికీ అర్థం వస్తుంది. నీ మొదటి శనివారం ఇలా గడుపు.

పొద్దున్నే సెంట్రోకి, అంటే ఊరి నడిబొడ్డుకి వెళ్లు. ప్లాసా దె ఆర్మాస్ అని పాత కూడలి ఉంటుంది, చుట్టూ ఖర్జూరపు జాతి చెట్లు. దగ్గర్లోనే అరోసెనా మ్యూజియం. 1910 నాటి కాసినో భవనంలో పెట్టారు, పాత మెక్సికో చిత్రాలు, ఫర్నిచర్ బాగుంటాయి. దాన్ని ఆనుకునే నాకు ఊళ్లో అన్నిటికన్నా ఇష్టమైన చోటు: కెనాల్ దె లా పెర్లా. వంద పైచిలుకు ఏళ్ల కిందట నాసాస్ నీళ్లని పత్తి చేలకి తీసుకెళ్లిన ఇటుక కాలువ అది. మీద ఊరు పెరిగి దాన్ని కప్పేసింది, జనం మర్చిపోయారు. ఈ శతాబ్దం మొదట్లో తవ్వకాల్లో మళ్లీ బయటపడింది. ఇప్పుడు లోపల దీపాలు పెట్టి నడవనిస్తారు. బయట నలభై డిగ్రీలున్నా లోపల చల్లగా ఉంటుంది. ఎండలో అలిసినప్పుడల్లా అందులో దూరేదాన్ని.

తరవాత ఇసౌరో మార్తీనెస్ థియేటర్, 1930లో తెరిచింది. లోపల గోడల మీదా పైకప్పు మీదా బొమ్మలు చూసి తీరాలి. నాటకం లేకపోయినా చూడనిస్తారేమో గుమ్మం దగ్గర అడుగు.

సాయంత్రం రోప్‌వే ఎక్కు. 2017 చివర్లో మొదలైంది, సెంట్రో నుంచి నేరుగా నోవాస్ కొండ మీదికి తీసుకెళ్తుంది. పైన క్రిస్తో దె లాస్ నోవాస్, చేతులు చాచిన క్రీస్తు విగ్రహం, దాదాపు 22 మీటర్లు. నోవా అంటే ఆ కొండ మీద పెరిగే ఒక కిత్తనార జాతి మొక్క పేరు. అక్కడ నిలబడితే నగరం గీత గీసినట్టు ఆగిపోవడం, ఆ గీత అవతల వట్టి ఎడారి మొదలవడం కనిపిస్తుంది. పొద్దుగూకేటప్పటికి పైన ఉండేలా చూసుకో.

సోమవారం మ్యూజియాలు మూసేస్తారు. నీకు ఎలాగూ ఫ్యాక్టరీ ఉందిలే.

బోల్టు_నట్టు · ఫిబ్రవరి 19, ఉదయం 9:30

అక్కా, ఇంత రాస్తారనుకోలేదు. సేవ్ చేసి పెట్టుకున్నాను. ఊరి బయట?

అర్ధరాత్రి_రేడియో · ఫిబ్రవరి 19, మధ్యాహ్నం 1:15

ఊరి బయట అంటే ఒకటే పేరు: జోనా దెల్ సిలెన్సియో, నిశ్శబ్ద మండలం! రేడియో పని చేయదు, దిక్సూచి తిరుగుతుంది, ఉల్కలు అక్కడే పడతాయి. అమెరికా రాకెట్ దారి తప్పి అక్కడికే వచ్చి పడింది. గ్రహాంతరవాసులు కూడా దిగారంటారు. బ్రదర్, అంత దూరం వెళ్లి అది చూడకుండా వస్తే పాపం.

రాళ్లపిచ్చి · ఫిబ్రవరి 19, మధ్యాహ్నం 2:02

వచ్చింది మొదలు. రాకెట్ ఒక్కటే నిజం. 1970 జులై 11న యూటాలోని గ్రీన్ రివర్ నుంచి వదిలిన అథీనా రాకెట్, న్యూమెక్సికోలోని వైట్ శాండ్స్‌లో పడాల్సింది, అదుపు తప్పి మపిమీ ఎడారిలో పడింది. అందులో కొద్దిగా రేడియోధార్మిక కోబాల్ట్-57 ఉంది. అమెరికా వాళ్లు వచ్చి ముక్కలు ఏరుకుని, చుట్టూ మట్టి కూడా తవ్వి పట్టుకుపోయారు. ఆ హడావుడి చూసిన జనానికి కథలు అల్లుకోవడానికి ఇంకేం కావాలి?

రేడియో పని చేయకపోవడానికి కారణం దగ్గర్లో స్టేషన్ లేకపోవడం. నల్లమల లోపలికి వెళ్తే నా ఫోన్ కూడా పని చేయదు, గ్రహాంతరవాసులు ఎవరూ రాలేదు.

నిజంగా అక్కడ చూడాల్సింది వేరే. అది మపిమీ జీవావరణ రిజర్వు, డురాంగో, చివావా, కొవావీలా మూడు రాష్ట్రాలూ కలిసే చోటు. ఉత్తర అమెరికాలో అన్నిటికన్నా పెద్ద నేల తాబేలు అక్కడే బతుకుతోంది. అంత పెద్ద జంతువుకి శాస్త్రవేత్తలు పేరు పెట్టింది 1959లో! బొరియల్లో ఉంటుంది కాబట్టి పోగానే కనపడుతుందని ఆశ పెట్టుకోవద్దు. దారులన్నీ మట్టివి, గుర్తులు ఉండవు. స్థానిక గైడ్ లేకుండా అద్దె కారులో మాత్రం వెళ్లకు.

అర్ధరాత్రి_రేడియో · ఫిబ్రవరి 19, మధ్యాహ్నం 2:10

మీలాంటి వాళ్ల వల్లే ప్రపంచంలో సరదా చచ్చిపోతోంది.

రాళ్లపిచ్చి · ఫిబ్రవరి 19, మధ్యాహ్నం 2:31

సరదా కావాలా? అయితే ఒహువేలా వినండి.

టొర్రెయోన్ నుంచి ఉత్తరంగా గంట, గంటంపావు వెళ్తే మపిమీ అనే పాత గనుల ఊరు. అక్కడి నుంచి కొండ మీదికి ఇరుకు రాతిబాట, పైన ఒహువేలా. ఒకప్పుడు వేలమంది బతికిన ఊరు, ఇప్పుడు మొండిగోడలే. వెండి, సీసం గనులు. ఊరికీ గనికీ మధ్య లోయ అడ్డం, దాని మీద 1890ల్లో ఉక్కు తాళ్లతో వేలాడే వంతెన కట్టారు. మూడు వందల మీటర్లకి పైగా పొడవు, కింద దాదాపు వంద మీటర్ల లోతు. కాలికింద చెక్కలు. వాటి సందుల్లోంచి కింద లోయ కనిపిస్తూ ఉంటుంది. గాలి వీస్తే వంతెన ఊగుతుంది. ఎత్తంటే భయమున్నవాళ్లు చేతితాడు వదలకుండా, ఎదుటి చివర మీదే కళ్లు పెట్టి నడవాలి.

అవతలి ఒడ్డున గని లోపలికి టార్చిలైట్లతో తీసుకెళ్తారు. నా పేరు చూశారుగా, నాకు అసలు పండగ అక్కడ. ప్రపంచంలో ఖనిజాలు పోగుచేసేవాళ్లెవరినైనా ఒహువేలా అని అడగండి, కళ్లు మెరుస్తాయి. పసుపు, ఆకుపచ్చ రంగుల్లో ఉండే ఆడమైట్ అనే స్ఫటికానికి ఆ గని పెట్టింది పేరు. వంతెన దగ్గర చిన్న బల్లల మీద అమ్ముతుంటారు. బేరం ఆడొచ్చు, కానీ మరీ మన సుల్తాన్‌బజార్ లెవెల్లో వద్దు, వాళ్లకి అదే బతుకు.

పప్పన్నం · ఫిబ్రవరి 19, సాయంత్రం 6:44

మధ్యలో దూరుతున్నందుకు సారీ. శాకాహారుల సంగతేంటి అక్కడ? మా అన్నయ్య కూడా ఆ వైపే వెళ్లొచ్చు.

లగూనా_లక్ష్మి · ఫిబ్రవరి 19, రాత్రి 8:20

కష్టమే గానీ పస్తులుండక్కర్లేదు. పొద్దున పూట ఊరంతా గోర్దీతాల మీద బతుకుతుంది: మందపాటి చిన్న రొట్టె, మధ్యలో చీల్చి కూర పెడతారు. మిరపకాయ చీలికలు చీజ్‌తో వండినవీ, నొపాల్ అంటే నాగజెముడు ఆకు కూరా మనవాళ్లు తినొచ్చు. చిక్కుడు గింజల ముద్దని మాత్రం నమ్మొద్దు, ఎక్కువ చోట్ల పందికొవ్వుతో వండుతారు. "సిన్ మంతేకా" అని అడగమనండి, అంటే కొవ్వు లేకుండా. లెర్దో అని పక్క ఊరు ఐస్‌క్రీముకి పేరు, సాయంత్రాలు కూడలిలో జనమే జనం.

మాంసం తినేవాళ్లకి ఇంకో మాట. అక్కడ రెలీకియా అని ఒక ఆచారం ఉంది. మొక్కు తీరిందంటే ఆ ఇంటివాళ్లు వీధిలో పెద్ద పెద్ద గిన్నెలు పెట్టి ఎర్రటి మసాలాలో ఉడికించిన పందిమాంసం, దాంతో ఏడు రకాల పాస్తా వండి వచ్చినవాళ్లందరికీ ఉచితంగా పెడతారు. అక్టోబర్ 28న సెయింట్ జూడ్ పండగకి వీధి వీధికీ లైన్లే. గిన్నెలు తెచ్చుకుని మరీ పట్టుకెళ్తారు. మొదటిసారి చూసినప్పుడు మా ఊళ్లో శ్రీరామనవమి అన్నదానమే అనుకున్నాను. నాకు వద్దంటే ఓనరమ్మ ఊరుకోలేదు, ఏడు రకాల పాస్తాలో మాంసం తగలనిది వెతికి తెచ్చిచ్చింది.

గుంటూరు_తెల్లబంగారం · ఫిబ్రవరి 20, ఉదయం 6:15

లక్ష్మిగారు పత్తి అన్నారు కాబట్టి ఆగలేకపోతున్నాను, మాది పత్తి వ్యాపారం. ఎడారిలో పత్తి ఎలా పండించారు?

లగూనా_లక్ష్మి · ఫిబ్రవరి 20, ఉదయం 7:40

నాసాస్ వరద తెచ్చిన ఒండ్రు మట్టి మీద. అక్కడా పత్తిని తెల్లబంగారమనే అంటారు! ఆ ఊరు పుట్టిందే పత్తి కోసం, రైలు కోసం. 1880ల్లో రెండు రైలు మార్గాలు అక్కడ కలిశాయి, 1907లో నగరం హోదా వచ్చింది. అంటే మన కాకినాడ, బందరుల ముందు అది పసిపిల్ల. 1936లో అధ్యక్షుడు కార్దెనాస్ పెద్ద ఎస్టేట్లని విడగొట్టి భూమి రైతు సంఘాలకి పంచాడు.

ఇప్పుడు పత్తి బాగా తగ్గింది, పాడి పెరిగింది. పశువులకి అల్ఫాల్ఫా గడ్డి కావాలి, దానికి నీళ్లు కావాలి, దానికి బోర్లు. ఏడాదికి 250 మిల్లీమీటర్ల వాన కూడా సరిగ్గా పడని చోట! బోర్లు లోతుకి పోయేకొద్దీ నీళ్లలో ఆర్సెనిక్ అనే విషం. మన నల్గొండ ఫ్లోరైడ్ కథే. ఇంట్లో తాగడానికి ఇరవై లీటర్ల డబ్బా తెప్పించుకునేవాళ్లం. తమ్ముడూ, నువ్వూ కుళాయి నీళ్లు తాగొద్దు.

చరిత్ర_పురుగు · ఫిబ్రవరి 20, మధ్యాహ్నం 12:10

ఆ ఊరి చరిత్రలో ఒక చీకటి పేజీ ఉంది, ఎవరూ రాయలేదు. ఊరు పెరిగేటప్పుడు చైనా నుంచి వచ్చిన వాళ్లు కూరగాయల తోటలు, దుకాణాలు పెట్టారు, బ్యాంకు కూడా నడిపారు. 1911 మేలో, మెక్సికో విప్లవం రోజుల్లో, విప్లవ నాయకుడు మదేరో పక్షపు సేనలు ఊరు పట్టుకున్నప్పుడు సైనికులూ అల్లరి మూకలూ కలిసి మూడు వందలకి పైగా చైనీయుల్ని చంపేశారు. 2021 మేలో అప్పటి అధ్యక్షుడు లోపెస్ ఒబ్రదోర్ టొర్రెయోన్ వెళ్లి అధికారికంగా క్షమాపణ చెప్పాడు. సెంట్రోలో తిరిగేటప్పుడు ఇది తెలిసి తిరిగితే మంచిది.

తరవాత అదే ఊరిని విప్లవ సేనాని పాంచో వియా 1913లో ఒకసారి, 1914లో ఇంకోసారి గెలిచాడు. రైలు కూడలి చేతిలో ఉంటే ఉత్తర మెక్సికో చేతిలో ఉన్నట్టు.

డాలస్_సూరిబాబు · ఫిబ్రవరి 20, రాత్రి 9:00

సరే, ఓటమి ఒప్పుకుంటున్నా. రెండుసార్లు వెళ్లి ఇవేవీ చూడలేదు. పర్రాస్ గురించి ఒకసారి ఎవరో చెప్పారు, వైన్ ఊరట కదా?

లగూనా_లక్ష్మి · ఫిబ్రవరి 20, రాత్రి 9:48

అవును, తూర్పున రెండు గంటల లోపే. ఎడారి మధ్యలో ఊట నీళ్లున్న ఊరు, వీధుల పక్కన పెకాన్ చెట్లు. కాసా మదేరో అని 1597 నాటి ద్రాక్షసారా కార్ఖానా ఉంది. అమెరికా ఖండాల్లోకెల్లా పాతది. విప్లవానికి పిలుపిచ్చి అధ్యక్షుడైన ఫ్రాన్సిస్కో మదేరో పుట్టింది ఆ ఊళ్లోనే. కోసుగా ఉన్న రాతిగుట్ట మీద చిన్న చర్చి, ఎక్కితే మోకాళ్లు పట్టేస్తాయి. మా అత్తగారు అరవై ఎనిమిదేళ్ల వయసులో ఎక్కేశారు, నేను మధ్యలో కూర్చున్నాను.

ఒక్కరోజే ఉంటే పర్రాస్. రెండు రోజులుంటే క్వాత్రో సియేనెగాస్. అది రెండున్నర, మూడు గంటల దారి. ఎడారి నేలలో నీలంగా మెరిసే గుంటలు, వాటిలో స్ట్రోమాటోలైట్లు, అంటే సూక్ష్మజీవులు పొరలు పొరలుగా కట్టిన రాళ్లు. భూమ్మీద మొట్టమొదటి జీవం ఎలా ఉండేదో తెలుసుకోవాలనుకునే శాస్త్రవేత్తలు అక్కడికే వస్తారు. పక్కనే తెల్లటి జిప్సం దిబ్బలు. నీలి గుంటలో దిగనివ్వరు, చూడ్డమే. అక్కడా గడ్డి సాగుకి నీళ్లు తోడేసి చుర్రిన్సే అనే గుంట ఎండిపోయింది. నేను వెళ్లేటప్పటికే లేదు.

చక్రం_తిరుగు · ఫిబ్రవరి 21, ఉదయం 8:25

కారు గురించి రెండు ముక్కలు. పగలే నడుపు. టోల్ ఉన్న రోడ్డు, అంటే బోర్డు మీద క్వోతా అని ఉన్నది, అదే ఎక్కు. చేతిలో పెసోలు ఉంచుకో. నేను వేరే ఊళ్లో ఆన్‌లైన్‌లో చవగ్గా కారు బుక్ చేసి వెళ్తే, కౌంటర్లో బీమా అని అద్దెకి రెండింతలు వాయించారు. బీమాతో కలిపి మొత్తం ఎంతో ముందే రాతలో తీసుకో. ఫిబ్రవరి, మార్చి అక్కడ తోల్వనేరా కాలం, అంటే దుమ్ము తుఫాను. ఎదురుగా రోడ్డు కనపడకపోతే పక్కకి తీసి ఆగడమే.

ఇదివరకు, 2010 చుట్టుపక్కల, ఆ ఊళ్లో ముఠాల కాల్పులు బాగా ఉండేవి. ఇప్పుడు చాలా మారింది. అయినా ఫ్యాక్టరీలో మనుషుల్ని అడిగాకే దారి ఖాయం చెయ్యి.

బోల్టు_నట్టు · మార్చి 27, రాత్రి 11:35

నిన్న పుణె చేరాను. ఇంతమంది ఇంత రాశాక లెక్క చెప్పకపోతే బాగోదు.

మొదటి శనివారం అక్క చెప్పినట్టే సెంట్రో. కాలువలోకి దిగగానే నా వెనక వస్తున్న పెద్దాయన గోడ మీద చెయ్యి పెట్టి ఏదో గొణిగాడు. ఫోన్‌లో అనువాదం చేయించుకుంటే, వాళ్ల నాన్న పత్తి కూలీ అట. రోప్‌వే గాలికి ఆపేశారు, గంటన్నర కూర్చుంటే మళ్లీ వదిలారు. పైన పొద్దుగూకడం దొరికింది. ఊరు గీత గీసినట్టు ఆగిపోవడం కళ్లారా చూశాను. థియేటర్ మాత్రం మూసి ఉంది.

ఆదివారం ఫ్యాక్టరీలో ఒక కుర్రాడు బిల్బావో ఇసుక దిబ్బలకి తీసుకెళ్లాడు, వియెస్కా వైపు. ఇది ఎవరూ చెప్పలేదు! గంట దారి, పచ్చని పొలాల పక్కనే ఉన్నట్టుండి ఇసుక. పిల్లలు చెక్క పలకల మీద జారుతున్నారు. నేనూ జారాను, మూడోసారికి నోటి నిండా ఇసుక. ఇదంతా ఒకప్పుడు సరస్సు అడుగు అని ఆ కుర్రాడు చెప్పాడు. లక్ష్మక్క మడుగు ఎక్కడో నాకు దొరికింది.

రెండో వారాంతం ఒహువేలా. వంతెన మొదట్లో పది అడుగులు వేసి వెనక్కి వచ్చేశాను. సిగ్గేముంది, చెప్తున్నా. వెనకాల ఒక ముసలమ్మ చేతిసంచీతో, చెప్పులతో కూరగాయలకి వెళ్తున్నట్టు నడిచి వెళ్లిపోతే అప్పుడు నడిచాను. గని బాగుంది. తిరిగి వచ్చేటప్పుడు దుమ్ము పట్టుకుంది, అరగంట రోడ్డు పక్కన. నిశ్శబ్ద మండలానికి వెళ్లలేదు, రేడియోగారు క్షమించాలి. క్వాత్రో సియేనెగాస్‌కి టైమ్ చాల్లేదు, ఆదివారం మెషీన్ మొరాయించింది.

వంతెన దగ్గర బల్ల మీద చిన్న పసుపుపచ్చ రాయి కొన్నాను. మా పాప ఇందులో ఏముంది గొప్ప అంది. ఇవాళ సాయంత్రం కింద కిరాణా కొట్టులో దొంగనోట్లు చూసే నీలం లైటు ఉంటే దాని కింద పెట్టించాను. రాయి మొత్తం పచ్చగా వెలిగింది. కొట్టాయన కౌంటర్ వదిలి బయటికొచ్చి, లైట్లు ఆర్పించి, ఇంకోసారి చూపించమన్నాడు. పాప ఇప్పుడు దాన్ని దిండు కింద పెట్టుకుని పడుకుంది.

రాళ్లపిచ్చి · మార్చి 28, ఉదయం 5:50

అది ఆడమైటే, సందేహం లేదు. కానీ దిండు కింద నుంచి వెంటనే తీయండి బాబూ! అది జింక్ ఆర్సెనేట్, అంటే అందులో ఆర్సెనిక్ ఉంటుంది. మూత ఉన్న గాజు డబ్బాలో పెట్టి, ముట్టుకున్నప్పుడల్లా పాపని సబ్బుతో చేతులు కడుక్కోమనండి. ఫోటో ఒకటి పెట్టండి, లైటు కింద తీసింది.